కామేష్ ఊపిరి, గాసి పళ్ళు

మా ఆవిడ ఫ్లోరెన్స్‌కి కుడి చెవి వినపడదు. పాడేరు సంతలో ఆటోవాడు కుడిపక్కకి వచ్చి ఎంత హారన్ కొట్టినా జరగదు. "రోడ్డంతా నీ పేరనే రాసిచ్చారా?" అని నేను ఏడిపిస్తే, "నీ మాటలు సగమే ఇనపడతన్నాయి, నా అదురుష్టం" అంటుంది. అడిగినవాళ్ళకి చీము పట్టి పోయిందని చెబుతుంది. అబద్ధం. మొన్న జులైలో ఒక మనిషి అరచేత్తో కొట్టిన దెబ్బకి పోయింది. ఆ మనిషిని నేను ఇప్పటికీ సంతలో చూస్తుంటాను. చూసినప్పుడల్లా నా పిడికిలి బిగుసుకుంటుంది. బ్యాగులో చాక్‌పీసులు తప్ప ఏమీ ఉండని పంతులుకి పిడికిలెందుకంటే ఏం చెప్పను.

నా పేరు మోసెస్. ఆశ్రమ పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. ఫ్లోరెన్స్ ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు. వాళ్ళ నాన్న ఆదివారం చర్చిలో గంట కొట్టేవాడు, మిగతా ఆరు రోజులూ కొండ మీద సామలూ రాగులూ పండించేవాడు. ఫ్లోరెన్స్ పదో తరగతి సైన్సులో ఒకసారి తప్పింది. నేను ఆ సంగతి పదిమందిలో ఎత్తితే ఆ పూట నాకు కూర ఉండదు. కానీ బిడ్డ అడ్డం తిరిగిందని కడుపు మీద చెయ్యి వేసి చెప్పగలదు, గొంతు వింటూనే ఎవరికి జ్వరం వచ్చేలా ఉందో చెప్పగలదు. పదకొండు గూడేలు ఆమె చూసుకోవాలి. అందులో తొమ్మిదింటికి నడిచే వెళ్ళాలి. ఒక డాక్టరుగారు బదిలీ అయి వెళ్తూ ఆమెకి ఆంబూ బ్యాగ్ ఇచ్చి వెళ్ళారు. అది రబ్బరు సంచి, ముందు మాస్కు ఉంటుంది. మాస్కు ముక్కూ నోరూ మూసేలా పెట్టి సంచి నొక్కితే, ఊపిరి తీసుకోలేని మనిషి ఛాతీలోకి గాలి వెళ్తుంది. మూడేళ్ళు దాన్ని భుజాన మోసింది, ఒక్కసారీ అక్కర పడలేదు. బెలూన్ల వ్యాపారం పెట్టుకోమని నేను వేళాకోళం చేసేవాణ్ణి.

జులైలో ఒక ఉదయం ఎనిమిది గంటలకి కొర్రమెట్ట గూడెం నుంచి బేబి అనే పిల్ల వానలో పరిగెత్తుకుంటూ ఉపకేంద్రానికి వచ్చింది. కామేష్ భార్య. కామేష్‌కి ఇరవయ్యారేళ్ళు, ఎకరం కాఫీ తోట చేసుకుంటాడు.

"మేడమ్, మా ఆయన కళ్ళు మూతడిపోతన్నాయి, తెరవలేకపోతన్నాడు. తెల్లారగట్ల కడుపునొప్పి అన్నాడు. ఇప్పుడు మాట ముక్కులోంచి వత్తంది. గాసి సిన్నమావ సిల్లంగి ఎట్టీసినాడని ఆణ్ని కట్టీసి కొడతన్నారు. బేగి రండి."

చిల్లంగి అంటే దూరం నుంచి మంత్రంతో మనిషిని పడగొట్టడం. ఈ కొండల్లో అలా నమ్ముతారు. నవ్వొస్తే నవ్వండి గాని, కొత్త కారు కొని చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించేవాళ్ళు మాత్రం నవ్వొద్దు. గాసి కామేష్‌కి సొంత చిన్నాన్న, అరవై దాటినవాడు. నాలుగు రోజుల కిందట గట్టు మీద ఉన్న సిల్వర్ ఓక్ చెట్టు మిరియం పాదు దగ్గర ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. "నా మిరియం తెంపిన సేతులు పడిపోను!" అని గాసి ఊరంతా వినేలా తిట్టాడు. కోపంలో ఎవరైనా అనే మాటే. కానీ అయిదో నాటి పొద్దున్న కామేష్ చేతులు నిజంగానే పడిపోయాయి.

ఫ్లోరెన్స్‌కి దారిలోనే అర్థమైంది. కామేష్ నేల మీద చాప వేసుకుని పడుకుంటాడు. వానాకాలంలో కట్లపాము ఎలకల కోసం ఇళ్ళలోకి వస్తుంది. నిద్రలో కరిస్తే చీమ కుట్టినంత కూడా తెలియదు, గాటు కనిపించదు, వాపు రాదు. నడుస్తూనే ఫోన్‌కి సిగ్నల్ తగిలిన చోట ఆగి అంబులెన్సుకి చెప్పింది. అది తారురోడ్డు దాకా వస్తుంది. కొర్రమెట్ట నుంచి తారురోడ్డుకి నాలుగు కిలోమీటర్లు, అంతా దిగుడు. డోలీ కట్టి మోయాలి, నలుగురు మగవాళ్ళు కావాలి.

ఆమె చేరేసరికి ఊరి మధ్య జనం రెండు గుంపులుగా ఉన్నారు. ఒక గుంపు మధ్యలో కామేష్ వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్ళు మూతపడ్డాయి, పెదాలు నీలం, ఛాతీ కదలడం లేదు. ఆడవాళ్ళు అప్పటికే శోకాలు మొదలుపెట్టారు. రెండో గుంపు మధ్యలో గాసి. పశువుల పాక గుంజకి అతన్ని కూర్చోబెట్టి కట్టేశారు. ఒక మోకాలు రోకలి దెబ్బకి పగిలి ఎముక తెల్లగా కనిపిస్తోంది. కనుబొమ మీది చర్మం కంటి మీదికి వేలాడుతోంది. "నాను ఏటీ సెయ్యలేదర్రా" అని అతను అన్న ప్రతిసారీ ఒక దెబ్బ పడుతోంది. కొట్టేవాళ్ళకి ముందు నిలబడింది సుక్రు, కామేష్ అన్న.

ఫ్లోరెన్స్ బురదలో మోకాళ్ళ మీద కూలబడి కామేష్ తల వెనక్కి వంచి మాస్కు పెట్టి నొక్కింది. ఛాతీ లేచింది. మెడ దగ్గర వేలు పెట్టి చూసింది. నాడి ఉంది, గట్టిగానే కొట్టుకుంటోంది. అయిదు లెక్కపెట్టి మళ్ళీ నొక్కింది. అక్కణ్ణించి ఆమె పని అదే. అయిదు లెక్కకి ఒక ఊపిరి. చేతులు తీస్తే కామేష్ పోతాడు. కామేష్ పోతే గుంజకి కట్టిన మనిషిని చంపేస్తారు. అక్కడున్న వాళ్ళందరికీ తెలిసిన సంగతే అది, గాసితో సహా.

"ఆడు సచ్చిపోనాడు మేడమ్" అన్నాడు సుక్రు. "సచ్చినోడికి గాలి కొడితే ఏటొత్తాది?"

"సచ్చిపోనేదు. పాము కరిసింది. ఇటు రా, సెయ్యెట్టి సూడు. గుండె కొట్టుకుంతంది."

"మెడ కోసీసిన కోడీ గెంతుతాది."

అవతల గాసి మీద మళ్ళీ రోకలి లేచింది. ఫ్లోరెన్స్ తట్టుకోలేకపోయింది. బేబి చేతులు పట్టుకుని సంచి మీద పెట్టి, ఇలా నొక్కు, అయిదు లెక్కకి ఒకటి, అని చెప్పి లేచి వెళ్ళి సుక్రుని రెండు చేతులా తోసింది. చెంప మీద కొట్టింది కూడా. సుక్రు తిరిగి కొట్టాడు. అరచెయ్యి సరిగ్గా చెవి మీద పడింది. లోపల ఏదో టప్పున తెగినట్టయింది, మెడ మీదికి వెచ్చగా కారింది. కింద పడ్డ మనిషి వెనక్కి తిరిగి చూస్తే బేబి చేతిలో మాస్కు పక్కకి జారింది, గాలంతా బయటికే పోతోంది. కామేష్ గోళ్ళు నల్లబడుతున్నాయి. ఫ్లోరెన్స్ మోకాళ్ళ మీద పాకుతూ వెనక్కి వచ్చి సంచి లాక్కుంది. ఆ తర్వాత ఆమె చేతులు సంచిని వదల్లేదు.

ఇక నోటితోనే ఏదో చెయ్యాలి. ఈ మనిషి బతికున్నాడని వీళ్ళకి చూపిస్తే చాలనుకుంది.

"కామేషూ, నా మాట ఇనపడితే కాలి బొటనేలు కదుపు నాన్నా."

అందరూ పాదాల వైపు చూశారు. ఎడమ కాలి బొటనవేలు కాస్త వంగింది. ఆగింది. మళ్ళీ వంగింది.

ఫ్లోరెన్స్ ఆనందంతో కేక పెట్టబోయింది. అంతకంటే ముందు ఒక ముసలమ్మ కేక పెట్టింది. "ఓలమ్మో! శవాన్ని ఆడిత్తన్నాడు! గాసిగాడు శవాన్ని ఆడిత్తన్నాడర్రో!"

దాంతో అంతవరకూ దూరంగా నిలబడ్డ వాళ్ళు కూడా పాక వైపు పరిగెత్తారు. ఆడవాళ్ళు సైతం రాళ్ళు తీశారు. ఎవరో గాసి చేతి వేళ్ళు రాతి మీద పెట్టి గొడ్డలి వెనకవైపుతో కొట్టారు. ఆ అరుపు ఎడమ చెవితో విన్నాను, అంటుంది ఫ్లోరెన్స్.

నేను ఇలాంటివి పాఠంగా చూడ్డానికి అలవాటు పడ్డవాణ్ణి. ఆ పొద్దున్న గాసి ఒంట్లో మూత్రపిండాల మీది గ్రంథులు ఒకే కబురుని రక్తంలోకి వదిలి ఉంటాయి: ప్రమాదం, పరిగెత్తు. అదే కబురు సుక్రు ఒంట్లోనూ వెళ్ళి ఉంటుంది. అదే రసాయనం, అదే తయారీ. కట్టేసి ఉన్నవాడి గుండె దానితో ఊరికే దడదడలాడింది. కట్టేసినవాడికి చేతుల్లోకి బలం వచ్చింది. అందుకు నేను సుక్రుని క్షమించాలా? క్షమించను. ఒంట్లో కణాలు చెప్పాయని రోకలి ఎత్తినవాడు, దింపడం కూడా నేర్చుకోవాలి.

"సుక్రూ, నీ కాళ్ళట్టుకుంతాను, డోలీ కట్టు" అంది ఫ్లోరెన్స్. "రోడ్డు మీద అంబులెన్సు ఉంది. ఇంకో గంట దాటితే నా సేతులు ఆగిపోతాయి. నీ తమ్ముడు బతుకుతాడు."

సుక్రు ఆమె దగ్గరికి వచ్చాడు. అతను ఏడుస్తున్నాడు. అది కూడా చెప్పాలి. "మంత్రం తెగకుండా మోసుకెల్తే దారిలో మా నలుగురికీ తగులుతాది మేడమ్. ఎవుడూ బుజం ఇవ్వడు. ముందు ఆడి పళ్ళు పీకాల. పీకినాక ఎత్తుతాం."

ముందు పళ్ళు లేని నోట మంత్రం పలకదని వాళ్ళ నమ్మకం. చిల్లంగి వేశాడని తేల్చుకున్న మనిషికి పళ్ళు పీకడం వాళ్ళ దృష్టిలో చంపడం కంటే తక్కువ శిక్ష, ఇంకా చెప్పాలంటే వైద్యం. ఒకడు బండి రిపేరు పెట్టెలోంచి కటింగ్ ప్లేయర్ తెచ్చి పట్టుకుని నిలబడ్డాడు. కానీ వాళ్ళలో వాళ్ళకే ఎవరు పీకాలో తెగడం లేదు. పీకిన చేతికి మంత్రం తగులుతుందని ఒకడు, పీట మీద కూర్చోబెట్టాలని ఇంకొకడు, కోడిని కొయ్యాలని మరొకడు. ఫ్లోరెన్స్ అయిదు లెక్కపెట్టి నొక్కుతోంది. నలభై నొక్కులు, యాభై నొక్కులు. ముంజేతులు కొయ్యబారిపోతున్నాయి. కామేష్ నాడి మెల్లగా నీరసిస్తోందని ఆమెకి అనిపించింది.

అప్పుడు మా ఆవిడ, చర్చిలో గంట కొట్టేవాడి కూతురు, చీమకి కూడా పక్కకి తప్పుకునే మనిషి, ఊరు దద్దరిల్లేలా అరిచింది.

"పీకండి! బేగి పీకండి! పీకీసి డోలీ ఎత్తండి!"

నర్సు మాట కాబట్టి చెల్లింది. సుక్రే పీకాడు. ఇద్దరు గాసి తల పట్టుకున్నారు, ఒకడు దవడల మధ్య కొడవలి పిడి పెట్టాడు. మొదటిది ఊడలేదు, విరిగింది. వేరు లోపలే ఉండిపోతే మళ్ళీ పెట్టి తిప్పారు. ఆరు పళ్ళు. ఫ్లోరెన్స్ అటు చూడకుండా నొక్కుతూ లెక్కపెట్టింది. ఆరు పళ్ళకీ అరవై మూడు ఊపిర్లు పట్టాయి. ఆఖరి పన్ను రాలగానే నలుగురు పరుగున వచ్చి దుప్పటి కర్రకి కట్టి కామేష్‌ని ఎత్తారు. డోలీ పక్కన వాలుగా నడుస్తూ, జారుతూ, గెడ్డలో నడుములోతు నీళ్ళలో మునుగుతూ ఆమె నాలుగు కిలోమీటర్లు సంచి నొక్కింది. రోడ్డు మీద అంబులెన్సు వాళ్ళు ఆమె వేళ్ళని ఒక్కొక్కటిగా విప్పి సంచి తీసుకోవాల్సొచ్చిందట. అంబులెన్సు కామేష్‌ని తీసుకెళ్ళాక ఆమె వెనక్కి మనిషిని పంపి, గాసిని కూడా దింపించేదాకా కదలనని ఆ రోడ్డు మీదే కూర్చుంది. రెండో డోలీలో గాసి వచ్చాడు.

ఆ సాయంత్రం సంగతంతా విని నేను చేసిన మొదటి పని సిగ్గుచేటు. "నువ్వే పీకమన్నావా?" అన్నాను. చెవి మీద కట్టుతో కూర్చున్న మనిషి చేతిలో ఉన్న స్టీలు గ్లాసు తీసి నా మీదికి విసిరింది. "నువ్వుంటే ఏటి సేసుందువు?" అంది. నేను వంగి గ్లాసు ఏరి ఆమె పక్కన పెట్టాను.

తర్వాత ఆమే అడిగింది. "ఊపిరి నేదు, కన్ను తెరవలేదు. మరి నా మాట ఎలా ఇన్నాడు?"

నా రెండు అరచేతులు ఎదురెదురుగా పెట్టి, తగలకుండా వెంట్రుకవాసి సందు ఉంచి చూపించాను. నరం కణం కొసా, కండలోని కణమూ ఒకదానికొకటి తగలవు. మధ్యలో సందుంటుంది. నరం చివర చిన్న చిన్న పొట్లాల్లో మందులాంటి పదార్థం దాచుకుని ఉంటుంది. మెదడు ‘కదులు’ అనగానే నరం ఆ పొట్లాల్ని సందులోకి విప్పుతుంది. అవతల కండ కణం మీద దాన్ని పట్టుకునే గుంటలుంటాయి. పట్టుకోగానే కండ బిగుస్తుంది. మనం రెప్ప వేసినా, నమిలినా, ఊపిరి లాగినా ఇదే పని. కట్లపాము విషం ఆ నరం కొసనే పాడుచేస్తుంది. పొట్లాలు ఖాళీ. మెదడు చెబుతూనే ఉంటుంది, కండ సిద్ధంగానే ఉంటుంది, మధ్యలో మాట చేరదు. విరుగుడు మందు ఒంట్లో తిరిగే విషాన్ని పడుతుంది గాని, పాడైన కొసని బాగుచెయ్యలేదు. కొస మళ్ళీ మొలవాలి, రోజులు పడుతుంది. అందాకా ఎవరో ఊపిరి పొయ్యాలి. చెవికీ మెదడుకీ మధ్య దారి వేరు, దాన్ని విషం ముట్టుకోదు. కండల్లో కూడా కంటిరెప్పలతో మొదలుపెట్టి కిందికి దిగుతుంది, కాలి వేళ్ళ దాకా ఆఖరున వస్తుంది, అందుకే బొటనవేలు మిగిలింది.

"మరి గుండె?"

"గుండె కణాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. వాటి మధ్య చిన్న తలుపులుంటాయి. ఒకటి కొట్టుకుంటే ఆ తలుపుల్లోంచి పక్కదానికి తెలుస్తుంది. నరం చెప్పేదాకా ఆగవు."

ఆమె నా చేతుల మధ్య సందుని చూస్తూ కూర్చుంది. "అంటే ఆడు లోపల అరుత్తనే ఉన్నాడన్నమాట" అంది. పద్నాలుగేళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాను, నాకెప్పుడూ తట్టలేదు.

కామేష్ పెద్దాసుపత్రిలో తొమ్మిది రోజులు మెషిన్ మీద ఊపిరి తీసుకున్నాడు. పదో రోజు కళ్ళు తెరిచాడు. గొంతు వచ్చాక ఫ్లోరెన్స్‌తో మొదట అన్న మాట ఇదీ: "అంతా ఇన్నాను మేడమ్. సిన్నాన్న అరుపులు ఇన్నాను. ఒద్దర్రా ఒద్దర్రా అని అరిసినాను. బొటనేలే కదిలింది." గాసి అదే ఆసుపత్రిలో రెండు వార్డుల అవతల ఉన్నాడు. ఫ్లోరెన్స్ చూడ్డానికి వెళితే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. చిగుళ్ళ సందుల్లోంచి గాలి పోతూ ఒక్క మాట అన్నాడు. "నా సెవులూ బాగానే పనిసేసినాయమ్మా ఆ దినం." ఇప్పటికీ ఆమె చేతి మందు తీసుకోడు. ఎలా తీసుకుంటాడు? ఆమె పోలీసు స్టేషన్‌కి వెళ్ళి తను అరిచిన మాటతో సహా అంతా చెప్పి సంతకం పెట్టింది. సుక్రుతో పాటు ఇంకో ఇద్దర్ని తీసుకెళ్ళారు, కాఫీ పళ్ళు ఎర్రబడే వేళకి బెయిలు మీద తిరిగి వచ్చారు.

అప్పుడు కొర్రమెట్టలో మీటింగు పెట్టారు. కామేష్ కర్ర ఊతంతో నిలబడి చెప్పాడు, పాము కరిసింది, మేడమ్ ఊపిరి ఊదింది, సిన్నాన్న ఏటీ సెయ్యలేదని. అందరూ శ్రద్ధగా విన్నారు. సుక్రు తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి ప్రేమగానే అన్నాడు. "పళ్ళు పీకినాకే కదరా డోలీ లేసింది. డోలీ లేసినాకే కదా నువ్వు బతికినావు. పీకమన్నాది ఎవురు? మేడమే కదా?" అందరూ తలలూపారు. ఫ్లోరెన్స్ నోరు తెరిచింది. పాము గురించి, నరం గురించి, నా అరచేతుల సందు గురించి, తను ఎందుకు అరిచిందో కూడా చెప్పింది. అది కూడా శ్రద్ధగానే విన్నారు. కాఫీ ఇచ్చారు.

డిసెంబరులో పొగమంచు ఇంకా విడవని పొద్దున్న, జీలుగుపుట్టు గూడెం నుంచి మనిషి వచ్చాడు. ధనరాజు అనే అతని ఎనిమిదేళ్ళ కూతురు కళ్ళు తెరవలేకపోతోందట, కడుపునొప్పి అందట. ఆ రోజు సెలవు, నేనూ వెళ్ళాను. సంచి నేనే మోశాను. ఈసారి ముందు మగవాళ్ళని నేను పట్టుకోవాలి, ఆమె బిడ్డ దగ్గర ఉండాలి, ఎవరి మీదా చెయ్యి పడకూడదు, అని బయల్దేరేముందే నాతో ఒట్టు వేయించుకుంది.

మేం చేరేసరికి ఊరు ప్రశాంతంగా ఉంది. అరుపులు లేవు, గుంపులు లేవు. అరుగు మీద శుభ్రమైన దుప్పటి పరిచి ఆ ఎనిమిదేళ్ళ గుంటని పడుకోబెట్టారు. ఛాతీ కొద్దిగా ఆడుతోంది. ధనరాజు మాకు ఎదురొచ్చి రెండు చేతులూ జోడించాడు.

"మీకు ఆలస్యం అవకూడదని ఆ పని ముందే అవగొట్టీసినాం మేడమ్" అన్నాడు.

నేను అతని వెనక్కి చూశాను. పక్కింటి గోడకి ఆనుకుని ఒక ముసలావిడ కూర్చుని ఉంది. అప్పలనర్సమ్మ అని తర్వాత తెలిసింది, మొగుడూ పిల్లలూ లేని మనిషి. గడ్డం నుంచి ఒళ్ళోకి నెత్తురు తీగలా కారుతోంది. ఒళ్ళో ఆకు పరిచి ఉంది. ఆకులో పళ్ళున్నాయి. ఆమె మమ్మల్ని చూసి నోరు తెరవబోయి, చేత్తో మూసుకుంది.

ఫ్లోరెన్స్ అడుగు ఆమె వైపే పడింది. అప్పుడే అరుగు మీది గుంట ఛాతీ ఆడటం ఆగింది. ఫ్లోరెన్స్ నా భుజం మీంచి సంచి లాక్కుని గుంట తల వెనక్కి వంచి మాస్కు పెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. కళ్ళ నీళ్ళు మాస్కు మీద పడుతున్నా లెక్క తప్పలేదు.

డోలీ కట్టి, నలుగురు అప్పటికే భుజానికెత్తుకుని నిలబడి ఉన్నారు.